హెచ్‌ఐవి సోకిన నాటి నుంచి ఎయిడ్స్ దశ వరకు: గణిత నమూనా కట్టే పద్ధతి, అంచెలంచెలుగా

చికిత్స అందని హెచ్‌ఐవి రోగి శరీరంలో ఒకదానితో ఒకటి పొంతన లేని వేగాలు ఏకకాలంలో పనిచేస్తుంటాయి. రక్తంలోకి వచ్చిన వైరస్ కణం గంటలోపే తొలగిపోతుంది, వైరస్‌ను తయారుచేస్తున్న కణం ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది, అయినా రోగనిరోధక వ్యవస్థ కూలిపోయే స్థితికి చేరడానికి సగటున పదేళ్లు పడుతుంది. నిమిషాల్లో జరిగే పని ఏళ్ల తరబడి సాగే క్షీణతగా ఎలా మారుతుందన్నదే ఈ రంగంలో అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు వెతికే నమూనాను కాగితం మీద, ఆ తర్వాత కంప్యూటర్ మీద ఎలా కట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను. డిగ్రీ స్థాయి అవకలన గణితం తెలిసి, జీవశాస్త్రంలో ప్రవేశం మాత్రమే ఉన్న పాఠకుడు కూడా దీన్ని అనుసరించగలడు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. త్వరగా జరిగే ప్రక్రియలకూ నెమ్మదిగా జరిగే ప్రక్రియలకూ వేర్వేరు పొరలు కట్టి, ఒక్కో పొరను దానికి తగిన ఆధారంతో సరిచూసుకున్నాకే కలపాలి. అంతటినీ ఒకే సమీకరణాల గుంపులో కుక్కితే, గ్రాఫు అందంగా వచ్చినా అది ఎందుకలా వచ్చిందో కట్టినవారికే తెలియకుండా పోతుంది.

మొదటి అంచె: ఏది లెక్కించాలో తేల్చుకోవడం

నమూనా నుంచి రాబట్టదలచిన రాశిని మొదట ఒక వాక్యంలో రాసుకోవాలి. మనకు కావలసింది "వైరస్ సోకిన రోజు నుంచి రక్తంలో సీడీ4 కణాల సంఖ్య మైక్రోలీటరుకు 200 కంటే దిగువకు పడిపోయే వరకు పట్టే కాలం". సీడీ4 కణాలంటే రోగనిరోధక వ్యవస్థను నడిపే, హెచ్‌ఐవి ప్రధానంగా సోకే తెల్ల రక్తకణాలు. ఆరోగ్యవంతుల్లో ఈ సంఖ్య సుమారు 500 నుంచి 1500 వరకు ఉంటుంది. 200 అనే గీత వైద్యులు నిర్ణయించుకున్న హద్దు. దానికి పైన ఉన్నవారికి కూడా క్షయ వంటి అవకాశవాద వ్యాధులు (రోగనిరోధక శక్తి తగ్గడాన్ని ఆసరా చేసుకుని వచ్చేవి) రావచ్చు, వస్తే సంఖ్యతో నిమిత్తం లేకుండా రోగ దశ మారుతుంది. అందువల్ల మన నమూనా ఎయిడ్స్ నిర్వచనంలో ఒక భాగాన్ని మాత్రమే లెక్కిస్తుందని రాతపూర్వకంగా నమోదు చేసుకోవాలి. ఇది సగటు పరిణామాన్ని చెప్పే నమూనా. చేతిలో పరీక్ష రిపోర్టు పట్టుకున్న వ్యక్తి తన ఆయుష్షును దీనితో లెక్క కట్టుకోకూడదు, మరొకరు ఆయనకు కట్టి చెప్పకూడదు.

రెండో అంచె: రాశులు, కొలమానాలు

వేగంగా మారే పొరకు మూడు చరరాశులు చాలు. "ల" అంటే వైరస్ సోకడానికి అనువుగా, క్రియాశీలంగా ఉన్న సీడీ4 కణాలు, అంటే లక్ష్య కణాలు. "స" అంటే వైరస్ సోకి, దాన్ని ఉత్పత్తి చేస్తున్న కణాలు. "వ" అంటే స్వేచ్ఛగా తిరిగే వైరస్ కణాలు. మూడింటినీ మిల్లీలీటరుకు ఎన్ని అనే లెక్కలోనే ఉంచాలి. ఆసుపత్రి రిపోర్టులో సీడీ4 సంఖ్య మైక్రోలీటరుకు, వైరల్ లోడ్ (రక్తంలోని వైరస్ ఆర్‌ఎన్‌ఏ ప్రతుల సంఖ్య) మిల్లీలీటరుకు ఇస్తారు కనుక, ఈ రెంటినీ కలిపేసినప్పుడు వెయ్యి రెట్ల తేడా నిశ్శబ్దంగా దూరిపోతుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒక్కో వైరస్ కణంలో రెండు ఆర్‌ఎన్‌ఏ ప్రతులు ఉంటాయి కాబట్టి, రిపోర్టులోని ప్రతుల సంఖ్యలో సగమే వైరస్ కణాల సంఖ్య.

సీడీ4 కణాలన్నిటినీ లక్ష్య కణాలుగా తీసుకోవడం ఈ అంచెలో తరచుగా కనిపించే పొరపాటు. అది ఎందుకు కుదరదో ఐదో అంచెలో అంకెలతో తేలుతుంది. ప్రస్తుతానికి క్రియాశీల కణాలు మొత్తంలో వందో వంతు, అంటే మిల్లీలీటరుకు పది వేలు అనుకుందాం.

మూడో అంచె: సమీకరణాలు

ప్రతి రాశికీ రోజులో ఎంత చేరుతుంది, ఎంత పోతుంది అని రాయడమే సమీకరణం.

ల మార్పు రేటు = జ − మ × ల − క × ల × వ

స మార్పు రేటు = క × ల × వ − న × స

వ మార్పు రేటు = త × స − శ × వ

ఇక్కడ "జ" రోజుకు కొత్తగా పుట్టే లక్ష్య కణాలు, "మ" వాటి సహజ మరణ రేటు, "క" వైరస్ కణం లక్ష్య కణాన్ని కలిసి సోకే రేటు, "న" సోకిన కణం నశించే రేటు, "త" ఒక్కో సోకిన కణం రోజుకు తయారుచేసే వైరస్ కణాలు, "శ" రక్తం నుంచి వైరస్ తొలగిపోయే రేటు. లక్ష్య కణాలనూ వైరస్‌నూ గుణించి రాయడంలో ఒక ఊహ దాగి ఉంది: రెండూ శరీరమంతా సమానంగా కలిసిపోయి ఉన్నాయని. వాస్తవానికి సీడీ4 కణాల్లో రక్తంలో ఉండేది దాదాపు 2 శాతమే, మిగిలినవి ముఖ్యంగా శోషరస గ్రంథుల్లో, పేగుల గోడల్లో ఉంటాయి. అయినప్పటికీ ఈ సరళమైన రూపం మందుల ప్రభావాన్ని ఆశ్చర్యకరంగా బాగా వివరించింది కాబట్టి, అవసరం కనిపించేవరకు దీన్ని జటిలం చేయకపోవడమే మేలు.

నాలుగో అంచె: పరామితులకు విలువలు ఎక్కడి నుంచి వస్తాయి

1990ల మొదటి వరకు చాలామంది, ఏళ్ల తరబడి లక్షణాలు కనిపించని దశలో వైరస్ కూడా నిద్రావస్థలో ఉంటుందని భావించేవారు. వైరల్ లోడ్ స్థిరంగా కనిపించడమే అందుకు కారణం. స్థిరంగా ఉన్న రాశిని ఎంతసేపు చూసినా, దానికి వచ్చేదెంతో పోయేదెంతో తెలియదు. సమతుల్యాన్ని చెదరగొడితే తెలుస్తుంది. 1995 జనవరిలో నేచర్ పత్రికలో వెలువడిన డేవిడ్ హో బృందం, జార్జ్ షా బృందం వ్యాసాలు చేసింది సరిగ్గా అదే. శక్తిమంతమైన కొత్త మందులతో ఉత్పత్తిని హఠాత్తుగా ఆపి, వైరల్ లోడ్ పడిపోయే వాలును కొలిచారు. వాలు నిటారుగా వచ్చింది. అంటే అంతకుముందు అంతే వేగంతో ఉత్పత్తి జరుగుతుండేదన్నమాట.

మరుసటి ఏడాది అలన్ పెరెల్సన్, హో తదితరులు రిటోనవిర్ అనే మందు ఇచ్చిన ఐదుగురు రోగుల నుంచి తొలి గంటల్లో చాలా దగ్గర దగ్గరగా రక్తం తీసి, పై సమీకరణాలను ఆ అంకెలకు అమర్చారు. వైరస్ కణం అర్ధాయువు సుమారు 6 గంటలు, సోకిన కణం అర్ధాయువు సుమారు 1.6 రోజులు, శరీరంలో రోజువారీ ఉత్పత్తి కనీసం వెయ్యి కోట్ల వైరస్ కణాలు అని తేలింది. తర్వాతి కొలతలు ఈ అంకెలను ఇంకా బిగించాయి. 1999లో రోగుల ప్లాస్మాను యంత్రంతో వేరుచేస్తూ చేసిన ప్రయోగంలో తొలగింపు రేటు రోజుకు సగటున 23 అని వచ్చింది. 2003లో నాలుగు మందుల చికిత్సతో చేసిన కొలతలో సోకిన కణం నశించే రేటు రోజుకు 1 దరిదాపుల్లో తేలింది. రేటు నుంచి అర్ధాయువు కావాలంటే 0.693ను రేటుతో భాగించాలి. ఆ లెక్కన వైరస్ కణం అర్ధాయువు సుమారు 43 నిమిషాలు, సోకిన కణానిది సుమారు 17 గంటలు.

ఈ వరుసలో గమనించదగిన విషయం ఒకటుంది. మందు పూర్తిగా పనిచేస్తుందని భావించి లెక్కించిన అర్ధాయువు, మందు కొంత బలహీనంగా ఉంటే నిజం కంటే ఎక్కువగా వస్తుంది. అందువల్లనే మందులు మెరుగైన కొద్దీ సోకిన కణం అర్ధాయువు అంచనా తగ్గుతూ వచ్చింది. పాత అంచనాను వాడేటప్పుడు అది ఏ మందుతో కొలిచినదో చూసి వాడాలి. పై కొలతలన్నీ అమెరికాలోని రోగుల నుంచి వచ్చినవి, అక్కడ ప్రబలిన వైరస్ ఉపరకం బి. మన దేశంలో ప్రబలినది ఉపరకం సి. తొలగింపు రేటు వంటి శరీర ధర్మాలను ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్లడం కొంతవరకు సమంజసమే కానీ, రోగ వేగాన్ని తీసుకెళ్లేటప్పుడు మాత్రం స్థానిక సమాచారంతో సరిచూడాలి.

ఈ మార్గదర్శిలో సాధన కోసం ఈ విలువలు తీసుకుందాం: జ = 100, మ = 0.01, క = 0.0000023, న = 1, త = 8000, శ = 23. చివరి రెండింటిలో "శ" కొలిచినది. "క", "త" మాత్రం ఫలితం వాస్తవానికి దగ్గరగా ఉండేలా నేను ఎంచుకున్నవి.

ఐదో అంచె: కంప్యూటర్ తెరవకముందు చేతితో చేయవలసిన లెక్క

లక్ష్య కణాలు మాత్రమే ఉన్న శరీరంలోకి వచ్చిన ఒక సోకిన కణం, తన జీవితకాలంలో సగటున ఎన్ని కొత్త కణాలకు వైరస్‌ను అంటిస్తుందో చెప్పే అంకె పునరుత్పత్తి సంఖ్య. దాన్ని "పు" అందాం.

పు = (జ × క × త) ÷ (మ × న × శ)

మన విలువలతో ఇది సరిగ్గా 8 వస్తుంది. ఇది ఒకటి కంటే తక్కువైతే సంక్రమణ ఆరిపోతుంది, ఎక్కువైతే నిలదొక్కుకుంటుంది. మూడు మార్పు రేట్లనూ సున్నా చేసి సాధిస్తే స్థిర స్థితి వస్తుంది. లక్ష్య కణాలు మొదటి సంఖ్యలో "పు" వంతుకు, అంటే 10,000 నుంచి 1,250కి పడిపోతాయి. వైరస్ (మ ÷ క) × (పు − 1), అంటే మిల్లీలీటరుకు సుమారు 30,400 కణాల వద్ద నిలుస్తుంది. తొలి ఉధృతి తగ్గాక రోగుల్లో వైరల్ లోడ్ ఒక స్థాయిలో నిలకడగా ఉండిపోతుంది. దాన్ని సెట్ పాయింట్ అంటారు. అది ఎక్కువగా ఉన్నవారిలో రోగం త్వరగా ముదురుతుందని జాన్ మెల్లర్స్ బృందం 1996లో చూపింది.

ఇప్పుడు రెండో అంచెలో వదిలిన విషయానికి వద్దాం. సీడీ4 కణాలన్నీ లక్ష్యాలే అనుకుంటే, మైక్రోలీటరుకు 1000తో మొదలైన సంఖ్య ఎనిమిదో వంతుకు, అంటే 125కు పడిపోవాలి. అదీ కొన్ని వారాల్లోనే. అప్పుడు ప్రతి రోగికీ నెల తిరక్కుండానే ఎయిడ్స్ వచ్చి ఉండాలి. అలా జరగదు. కాబట్టి "ల" మొత్తం సీడీ4 సంఖ్య కాదు, కాకూడదు.

ఆరో అంచె: కంప్యూటర్ మీద పరిష్కారం, తొలి పరీక్ష

సమీకరణాలను పైథాన్‌లో సైపై లైబ్రరీతో గానీ, ఆర్ భాషలో డీసాల్వ్ ప్యాకేజీతో గానీ పరిష్కరించవచ్చు. వేగాల మధ్య భారీ తేడా ఉన్న సమీకరణాలకు ప్రత్యేకించిన స్టిఫ్ పద్ధతిని ఎంచుకోవడం తప్పనిసరి. కారణం చిన్న లెక్కతో తెలుస్తుంది. సాధారణ ఆయిలర్ పద్ధతిలో రోజులో పదో వంతు చొప్పున ముందుకు వెళితే, వైరస్ సమీకరణంలో ప్రతి అడుగుకూ 1 − 2.3, అంటే −1.3తో గుణకారం జరుగుతుంది. ఫలితం ధన, రుణ విలువల మధ్య ఊగుతూ అనంతానికి పోతుంది. అది వైరస్ చేసిన పని కాదు, మనం ఎంచుకున్న అడుగు చేసిన పని.

తొలి పరీక్షగా సంక్రమణ మొదట్లో వైరస్ ఎంత త్వరగా రెట్టింపవుతుందో చూడాలి. ఆ దశలో లక్ష్య కణాలు తరగవు కనుక పెరుగుదల రేటు "గ" ఈ సమీకరణాన్ని పాటిస్తుంది: (గ + న) × (గ + శ) = పు × న × శ. సాధిస్తే రోజుకు 5.46 వస్తుంది. అంటే ప్రతి 3 గంటలకు రెట్టింపు. రక్తదాతల నుంచి వరుసగా సేకరించిన ప్లాస్మాలో కొలిచిన రెట్టింపు కాలం మధ్యస్థంగా 0.65 రోజు, అంటే సుమారు 15 గంటల 36 నిమిషాలు. మన నమూనా ఐదు రెట్లు తొందరపడుతోంది.

తప్పు పరామితులది కాదు, నిర్మాణానిది. వైరస్ లక్ష్య కణంలోకి ప్రవేశించిన వెంటనే కొత్త వైరస్ బయటికి రాదు. ఆర్‌ఎన్‌ఏ డీఎన్‌ఏగా మారి, కణపు జన్యుపదార్థంలో కలిసి, కొత్త వైరస్ కణాలు కూడుకుని బయటపడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఎక్లిప్స్ దశ అనే ఈ విరామాన్ని ఒక రోజు ఆలస్యంగా చేర్చితే, పునరుత్పత్తి సంఖ్య 8గానే ఉంటూ పెరుగుదల రేటు రోజుకు 1.2 దగ్గరకు దిగుతుంది, రెట్టింపు కాలం 13న్నర గంటలు అవుతుంది. కొలతకు చాలినంత దగ్గరకు వచ్చాం. పునరుత్పత్తి సంఖ్య ఒకటే ఉన్నా కాలక్రమం ఇంతగా మారుతుందన్నది ఈ రంగంలోకి వచ్చేవారు తొలుతే చేతితో లెక్కించి చూడవలసిన విషయమని నా నమ్మకం.

ఈ మార్పుతో నడిపితే వైరల్ లోడ్ సుమారు రెండు వారాల్లో పది లక్షల దరిదాపులకు ఎగసి, తర్వాత దిగి, ఊగిసలాడుతూ సెట్ పాయింట్ దగ్గర స్థిరపడుతుంది. నిజమైన రోగుల్లో అంత ఊగిసలాట కనిపించదు. సోకిన కణాలను చంపే సైటోటాక్సిక్ సీడీ8 కణాల స్పందన ఇందులో లేకపోవడం దానికి ఒక కారణం.

ఏడో అంచె: నెమ్మది పొర

స్థిర స్థితికి చేరిన నమూనాను ఇంకో ఇరవై ఏళ్లు నడిపినా ఏమీ జరగదు. మూడు గీతలూ సమాంతరంగా సాగిపోతాయి. తొలి ఉధృతినీ సెట్ పాయింట్‌నూ మందుల ప్రభావాన్నీ వివరించగల నమూనాకు, ఎయిడ్స్ ఎందుకు వస్తుందో మాత్రం తెలియదు. ఈ లోటును గుర్తించకుండా "మ" విలువనో "క" విలువనో సర్దుతూ కూర్చుంటే పదేళ్ల క్షీణత ఎన్నటికీ రాదు. ఎందుకంటే ఈ వ్యవస్థలో ఏళ్లతో కొలవదగిన రేటు ఏదీ లేదు.

ఏళ్ల మీద పనిచేసే ప్రక్రియలు ఏవి? పరిశోధకులు ప్రతిపాదించినవి కొన్ని ఉన్నాయి. వైరస్ పరిణామం చెందుతూ రోగనిరోధక స్పందనను తప్పించుకుంటుంది; మార్టిన్ నొవాక్, రాబర్ట్ మే తదితరులు 1991లో, వైరస్ రకాల వైవిధ్యం ఒక హద్దు దాటితే నియంత్రణ తప్పుతుందని గణితంగా చూపారు. కొందరిలో వైరస్ సీసీఆర్5 అనే ద్వారాన్ని వదిలి సీఎక్స్‌సీఆర్4ను వాడటం మొదలుపెడుతుంది. ఉపరకం సిలో ఈ మార్పు తక్కువగా కనిపిస్తుంది, అయినా ఎయిడ్స్ వస్తుంది కనుక అదొక్కటే కారణం కాజాలదు. పేగు గోడ దెబ్బతిని సూక్ష్మజీవుల పదార్థాలు రక్తంలోకి చేరడం వల్ల రోగనిరోధక వ్యవస్థ నిరంతరం ఉద్రేకంతో ఉంటుందని 2006 నుంచి ఆధారాలున్నాయి. శోషరస గ్రంథుల కణజాలం గట్టిపడి కొత్త సీడీ4 కణాలను నిలబెట్టే శక్తి తగ్గడం మరో ప్రక్రియ. నాకు చివరి రెండూ కలిసి చేసే నష్టమే ప్రధానమని తోస్తుంది. అందుకే వాటినే సమీకరణంగా రాస్తున్నాను. మరొక ఊహను ఎంచుకునే పాఠకుడు ఈ పొరను మార్చుకుంటే సరిపోతుంది, కింది పొరను తాకనక్కరలేదు.

మొత్తం సీడీ4 సంఖ్యను మైక్రోలీటరుకు "సీ" అందాం. శరీరపు పునరుద్ధరణ శక్తిని "శక్తి" అందాం. మొదట అది రోజుకు మైక్రోలీటరుకు 4 కణాలు. ఉద్రేకం సున్నాకూ ఒకటికీ మధ్య ఉండే రాశి.

ఉద్రేకం = √వ ÷ (√వ + √30,000)

సీ మార్పు రేటు = శక్తి − 0.004 × సీ − 0.0053 × ఉద్రేకం × సీ

శక్తి మార్పు రేటు = − 0.00066 × ఉద్రేకం × శక్తి

సంక్రమణకు ముందు సీ విలువ 4 ÷ 0.004 = 1000. సెట్ పాయింట్ 30,000 అయితే ఉద్రేకం 0.5. అప్పుడు సీ కొన్ని నెలల్లో 4 ÷ 0.00665, అంటే 600 దగ్గరకు దిగుతుంది. ఆ తర్వాత శక్తి ఏడాదికి సుమారు 12 శాతం చొప్పున తరుగుతుంటే సీ దాని వెంటే దిగుతుంది. 600 నుంచి 200కు చేరడానికి 9 ఏళ్లు పడుతుంది. సెట్ పాయింట్ 3,00,000 అయితే ఇదే లెక్క 5 ఏళ్లు, 3,000 అయితే 23 ఏళ్లు ఇస్తుంది. వైరస్ వంద రెట్లు మారితే కాలం నాలుగున్నర రెట్లే మారుతుంది. వర్గమూలాన్ని వాడింది ఇందుకే. వర్గమూలం లేకుండా "వ" నేరుగా పెడితే 3,000 దగ్గర అరవై ఏళ్లు దాటుతుంది, అది నమ్మదగినది కాదు.

ఈ పొరలోని మూడు రేట్లూ రోగుల మీద నేరుగా కొలిచినవి కావు. పదేళ్ల సగటును అందుకునేలా అమర్చినవి. కింది పొరలోని 23కూ ఇక్కడి 0.00066కూ ఒకే స్థాయి నమ్మకం ఆపాదించకూడదు. నివేదికలో వాటిని ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టకపోవడమే పద్ధతి.

రోగం ముదిరాక వైరల్ లోడ్ కూడా పెరుగుతుంది. అది రావాలంటే పై పొర నుంచి కింది పొరకు ఒక బంధం కావాలి. రోగనిరోధక శక్తి తగ్గితే సోకిన కణాలు ఎక్కువ కాలం బతుకుతాయని, అంటే "న" తగ్గుతుందని రాయడం అందరికీ మొదట తోచే మార్గం. కానీ కోతుల్లో సీడీ8 కణాలను తొలగించి 2010లో చేసిన ప్రయోగాల్లో వైరస్ పెరిగినా సోకిన కణాల జీవితకాలం మారలేదు. కాబట్టి సీ తగ్గే కొద్దీ "త" గానీ "క" గానీ పెరుగుతుందని రాయడం ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. ఉదాహరణకు "త" 8,000 నుంచి 13,300కు పెరిగితే పునరుత్పత్తి సంఖ్య 13.3 అవుతుంది, సెట్ పాయింట్ 53,500 దగ్గరకు చేరుతుంది.

ఎనిమిదో అంచె: చికిత్సను చేర్చడం

రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌ను, ఇంటిగ్రేజ్‌ను (ఇవి వైరస్ ఎంజైములు) అడ్డుకునే మందులు కొత్త కణాలకు వైరస్ సోకకుండా ఆపుతాయి. కాబట్టి "క"ను (1 − సామర్థ్యం)తో గుణించాలి. ప్రొటియేజ్ నిరోధకాలు తయారైన వైరస్‌ను పనికిరానిదిగా చేస్తాయి. వాటికి సోకగల వైరస్, సోకలేని వైరస్ అని రెండు రాశులు కావాలి. పునరుత్పత్తి సంఖ్య 8 అయినప్పుడు మందుల ఉమ్మడి సామర్థ్యం 1 − 1/8, అంటే 87.5 శాతం దాటితేనే సంక్రమణ ఆరిపోయే దిశగా సాగుతుంది.

నమూనా ప్రకారం సోకిన కణాలు రోజుకు 1 చొప్పున నశిస్తే పది రోజుల్లో వైరల్ లోడ్ ఇరవై వేల రెట్లకు పైగా తగ్గాలి. అసలు రోగుల్లో ఒకటి రెండు వారాల తర్వాత వాలు మెత్తబడుతుంది. సుమారు రెండు వారాల అర్ధాయువున్న దీర్ఘజీవి కణాలు అందుకు కారణమని 1997లో లెక్కించి, దాగిన నిల్వలు మరేవీ లేకపోతే పూర్తి నిర్మూలనకు 2.3 నుంచి 3.1 ఏళ్లు పడుతుందని పెరెల్సన్ బృందం అంచనా వేసింది. అదే ఏడాది వైరస్‌ను దాచుకుని నిద్రాణంగా ఉండే కణాల నిల్వ ఉన్నట్టు నిరూపితమైంది. దాని అర్ధాయువు 44 నెలలని ఆ తర్వాత తేలింది. పది లక్షల కణాల నిల్వ ఒక్క కణానికి తగ్గాలంటే దాదాపు 20 సార్లు సగం కావాలి, అంటే 73 ఏళ్లు. మందులు జీవితాంతం ఎందుకు వాడాలో ఈ ఒక్క గుణకారం చెబుతుంది. నమూనాలో దీనికి మూడో రకం సోకిన కణాలను చేర్చాలి.

ఇక నెమ్మది పొరలో చికిత్స ప్రభావం చూడండి. వైరస్ దాదాపు సున్నా అయితే ఉద్రేకం పోతుంది, శక్తి తరగడం ఆగుతుంది, సీ విలువ శక్తి ÷ 0.004 వైపు లేస్తుంది. సీ 500 ఉండగా చికిత్స మొదలుపెడితే 830 వరకు, 200కు పడ్డాక మొదలుపెడితే 330 వరకు. నిజ జీవితంలో ఏళ్ల తరబడి ఇంకా కోలుకునేవారు ఉన్నారు కాబట్టి శక్తి తిరిగి పెరిగే చిన్న పదాన్ని కూడా రాయాలి. అయినా ఆలస్యంగా మొదలుపెట్టినవారు పూర్తిగా కోలుకోవడం కష్టమన్న పోలిక మారదు. చికిత్స సక్రమంగా సాగితే ఈ నమూనాలో 200 గీతను దాటడమనేదే జరగదు. ఈ మాటను నమూనా కట్టేవారు స్పష్టంగా చెప్పాలి. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ (హెచ్‌ఐవిని అణిచే మందుల చికిత్స) 2004 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు ప్రమాణం సీడీ4 సంఖ్య 200. అది 350కి, 500కి పెరిగి, 2017లో సంఖ్యతో పని లేకుండా పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ చికిత్స అన్న విధానానికి చేరింది. వెంటనే మొదలుపెట్టడమే మేలని 2015లో స్టార్ట్ అనే అంతర్జాతీయ పరీక్ష రుజువు చేసింది.

తొమ్మిదో అంచె: అసలు సమాచారానికి అమర్చడం

వైరల్ లోడ్‌ను ఎప్పుడూ పది ఆధారపు సంవర్గమానంలోకి మార్చి అమర్చాలి. లేకపోతే ఉధృతి దశలోని రెండు మూడు పెద్ద అంకెలే మొత్తం ఫలితాన్ని శాసిస్తాయి. యంత్రం గుర్తించలేనంత తక్కువగా ఉన్న ఫలితాల స్థానంలో సున్నానో, హద్దులో సగమో పెట్టడం అలవాటుగా జరుగుతోంది. అది వాలును వక్రీకరిస్తుంది. "హద్దుకు లోపల ఎక్కడో ఉంది" అన్న సంభావ్యతనే సంభావ్యతా ప్రమేయంలో (లైక్లీహుడ్‌లో) రాయాలి.

అంతకంటే ముఖ్యమైనది, సమాచారం ఏ పరామితిని చెప్పగలదో ముందే తెలుసుకోవడం. వైరల్ లోడ్ మాత్రమే చేతిలో ఉందనుకుందాం. ల, స, జ మూడింటినీ రెట్టింపు చేసి త ను సగం చేస్తే వైరస్ గీత ఇసుమంతైనా మారదు. కాబట్టి జ, త విలువలు విడివిడిగా ఎన్నటికీ తేలవు, వాటి లబ్ధమే తేలుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం అడిగితే రెండింటికీ అంకెలు ఇచ్చేస్తుంది. ఆ అంకెలను పట్టికలో వేసి వ్యాఖ్యానించడం తప్పు. రోగికి నాలుగైదు కొలతలే ఉన్నప్పుడు అందరినీ కలిపి, ఒక్కొక్కరి తేడాను యాదృచ్ఛిక రాశిగా తీసుకునే మిశ్రమ ప్రభావ పద్ధతి వాడాలి.

పదో అంచె: ఒక వ్యక్తి నుంచి జనాభాకు

జిల్లా స్థాయిలో ఎంతమందికి ఏ దశలో చికిత్స అవసరమవుతుందో అంచనా వేయడానికి ఇన్ని సమీకరణాలు అక్కరలేదు. సీడీ4 సంఖ్యను దశలుగా విడగొట్టి, ఒక దశ నుంచి మరో దశకు మారే రేట్లు ఇస్తే చాలు. మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అంచనాలకు వాడే స్పెక్ట్రమ్ సాఫ్ట్‌వేర్‌లోనూ సీడీ4 దశల విధానమే ఉంది.

దశల సంఖ్యను తేలికగా తీసుకోకూడదు. సంక్రమణ నుంచి ఎయిడ్స్ వరకు ఒకే దశ పెట్టి, సగటు పదేళ్లు ఇస్తే, మొదటి ఏడాదిలోనే 9.5 శాతం మందికి ఎయిడ్స్ వస్తుందని లెక్క చెబుతుంది. అదే పదేళ్లను రెండున్నర ఏళ్ల చొప్పున నాలుగు దశలుగా చేస్తే మొదటి ఏడాది వాటా 0.08 శాతానికి పడిపోతుంది. సగటు ఒకటే, ఆసుపత్రి పడకల అంచనా మాత్రం పూర్తిగా వేరు. ఏడో అంచెలోని నెమ్మది పొర నుంచి ప్రతి దశలో గడిపే కాలాన్ని రాబట్టి ఈ రేట్లకు ఇస్తే రెండు నమూనాలూ ఒకదానితో ఒకటి ముడిపడతాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పట్లో అధిక వ్యాప్తి గల ఆరు రాష్ట్రాల్లో ఒకటి. 2004కు ముందు సోకినవారి విషయంలో చికిత్స లేని సహజ గమనమే ప్రధాన రేటు. 2017 తర్వాత ఎయిడ్స్ దశకు చేరేవారి సంఖ్యను నిర్ణయించేవి వేరే రెండు: సోకిన నాటి నుంచి పరీక్ష చేయించుకునే వరకు గడిచే కాలం, ఏఆర్‌టీ కేంద్రానికి రావడం మధ్యలో మానేసేవారి రేటు. అందువల్ల ప్రతి దశ నుంచీ చికిత్సలో ఉన్నవారి గడికి ఒక బాణం గీసి, అక్కడి నుంచి వెనక్కి మరో బాణం గీయాలి. మానేసినవారిని వారు చికిత్సలో చేరినప్పటి దశకు కాకుండా, మానేసిన నాటి సీడీ4 దశకు పంపాలి. అక్కడి నుంచి వారి సీడీ4 సంఖ్య తొలి నెలల్లో సాధారణ రేటు కంటే వేగంగా పడుతుంది కనుక, వారికోసం విడిగా ఒక తాత్కాలిక దశను కేటాయించి, దాని రేటును స్థానిక కేంద్రాల రికార్డుల నుంచే తీసుకోవాలి.